అల్లుడి నడుముకు ఒక చిన్న తుపాకీ



పోయిన నెల ఒక పెండ్లిలో భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్న మన సభ్యుడొకరు మెల్లగా అడిగినారు. "ఏమన్నా, అమెరికాలో మీ అల్లుడు నడుములో తుపాకీ పెట్టుకొని తిరుగుతాడంటా, నిజమేనా?" సాంబారు పోసే పిల్లవాడు గరిటె పట్టుకొని అట్లే నిలబడిపోయినాడు. "తర్వాత చెప్తాను తమ్ముడూ" అని తప్పించుకున్నాను. ఇంటికి వచ్చినాక ఎందుకు తప్పించుకోవాల అనిపించింది. మన సంఘంలో చాలామంది పిలకాయలు ఆ దేశంలోనే ఉన్నారు. ఈ సంగతి తెలిసి ఉండడం మంచిదని రాస్తున్నాను.

అల్లుడు పరాయివాడు కాదు, మా అక్క కొడుకే. టెక్సాస్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తా, గ్రీన్ కార్డు వచ్చినాక ఒక స్నేహితుడితో కలిసి పెట్రోలు బంకూ, దాని పక్కన చిన్న అంగడీ కొన్నాడు. రెండేళ్ళ కిందట మేము ఇద్దరమూ మనవడిని చూసేదానికి పోయినప్పటికి నెల ముందు అది జరిగింది. రాత్రి అంగడి మూసే వేళకు ఒకడు లోపలికి వచ్చి తుపాకీ చూపించినాడు. ఇతను గల్లా పెట్టె తెరిచి ఇచ్చేసినాడు. వాడు తీసుకొని పోయినాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సంగతి మాకు ఫోనులో చెప్పనే లేదు. విమానం దిగి కారులో పోతా ఉంటే మా అమ్మాయి చెప్పింది. చెప్పి, "నాయనా, ఆయన ఇప్పుడు తుపాకీ కొంటానంటాడు. నువ్వు చెప్తే వింటాడు. వద్దని చెప్పు" అనింది.

నాకు తుపాకీ అంటే తెలిసింది రెండే. ఒకటి మా ఊర్లో పంటకు కావలి కాసేదానికి ఉండిన జోడు గొట్టాల నాటు తుపాకీ. ఎలక్షన్ వస్తే దాన్ని తీసుకుపోయి పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రావాల. రెండోది స్టేషన్లో రైల్వే పోలీసు భుజాన వేలాడే రైఫిలు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తూటా కూడా ఇంట్లో ఉండకూడదు. లైసెన్సు వచ్చినా 9 ఎం.ఎం. పిస్తోలు మామూలు మనిషికి అనుమతి లేని రకం. మనకు దొరికేది .32 రివాల్వరు. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని "నిర్భీక్" అనే అర కిలో రివాల్వరు తెచ్చినప్పుడు దాని ధర లక్షా ఇరవై వేలకు పైనే. అట్లాంటి దేశం నుంచి పోయినవాడిని నేను. అక్కడ తుపాకీ అంగడి మన పాత్రల అంగడి మాదిరి వెలుగుతా ఉంటుంది.

"వద్దురా" అని చెప్పేదానికే అతనితో ఆ అంగడికి పోయినాను. అతను "సరే మామా, ముందు రా, చూడు, తర్వాత చెప్పు" అన్నాడు.

అంగడిలో ఉన్నాయన పాత సైనికుడు, తల నెరిసినవాడు. నన్ను చూసిన వెంటనే "మీరు ఏ వీసా మీద వచ్చినారు?" అని అడిగినాడు. టూరిస్టు వీసా అని చెప్పినాను. "అయితే మీరు చూడొచ్చు, చేత్తో పట్టుకోకూడదు" అన్నాడు. మన పిలకాయలు బాగా గుర్తు పెట్టుకోవాల్సింది ఇక్కడే ఉంది. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం ఉద్యోగం వీసా, టూరిస్టు వీసా వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అంతే. స్నేహితులు పిలిచినారని సరదాకు కాల్చేదానికి పోయి చిక్కుల్లో పడొద్దు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకు కొనే హక్కు ఉంది. 4473 నంబరు ఫారం నింపితే, ఎఫ్.బి.ఐ. వాళ్ళ జాబితాలో పేరు వెతికి సరే అంటారు. ఆ ఫారంలో అబద్ధం రాస్తే జైలే.

ఆయన ఒక్కొక్కటే గాజు బల్ల మీద పెట్టి చెప్పినాడు. బయటికి కనబడకుండా పెట్టుకొనే తుపాకీకి మొదటి చిక్కు ఏమంటే, దాచేదానికి ఎంత సులువో కాల్చేదానికి అంత కష్టం. 270 గ్రాములుండే రూగర్ ఎల్.సి.పి. చొక్కా జేబులో పడుతుంది. కానీ పిడి మీద రెండు వేళ్ళే ఆనుతాయి, కాల్చినప్పుడు చెయ్యి ఎగిరిపోతుంది. గొట్టం పొట్టిది కాబట్టి గురి రవ్వంత తప్పినా తూటా ఎక్కడికో పోతుంది. తర్వాత స్మిత్ అండ్ వెసన్ చిన్న రివాల్వరు. ఆ కుటుంబం 1950 నుంచి ఉంది. అయిదు తూటాలే. ఇరుక్కుపోయేది తక్కువ, కానీ మీట నొక్కేదానికి వేలికి బలం కావాల. పెద్ద వైపు గ్లాక్ 19. నాలుగంగుళాల గొట్టం, 15 తూటాలు, నింపితే 850 గ్రాములు. కాల్చేదానికి సుఖం, కానీ టెక్సాస్ ఎండల్లో పలచని చొక్కా కింద ఉబ్బుగా కనబడుతుంది. నడుమ 2018లో వచ్చిన సిగ్ పి365. మూడంగుళాల గొట్టం, పది తూటాలు, ఖాళీగా అర కిలో. ఎఫ్.బి.ఐ. వాళ్ళే 2016లో మళ్ళీ 9 ఎం.ఎం.కు మారినారు కాబట్టి అంతకంటే పెద్ద తూటా అక్కరలేదు అన్నాడు.

"ఏది మంచిది?" అని మావాడు అడిగితే, "నువ్వు రోజూ తగిలించుకొని పోయేది, నీ చేతికి కుదిరేది. కొనేముందు అద్దెకు తీసుకొని కాల్చి చూడు" అన్నాడు.

వెనకాల కాల్చే హాలు. నన్ను అద్దం ఇవతల నిలబెట్టినారు. చెవులకు మూతలు పెట్టుకున్నా, మొదటి దెబ్బకు నా గుండె ఒక మెట్టు దిగింది. ఏడు గజాల దూరంలో కాగితం బొమ్మ. చిన్నదానితో మావాడు కాల్చిన తూటాలు ఒకటి భుజం మీద, ఒకటి చెవి పక్కన, రెండు కాగితం మీదే లేవు. గ్లాక్‌తో కాల్చినవన్నీ ఒక ఇడ్లీ అంత చోటులో పడినాయి. పి365తో ఒక దోసె అంత. నవ్వొద్దు, నాకు తోచిన కొలత అదే.

ఆ నేర్పే ఆయన చెప్పిన నాలుగు సూత్రాలు నాకు బాగా నచ్చినాయి. ఏ తుపాకీ అయినా తూటా ఉన్నట్టే లెక్క. నాశనం చెయ్యదలచుకోని దాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేవరకు వేలు మీట మీదికి పోకూడదు. గురికి వెనకాల ఏముందో తెలియాల. రైల్వేలో మాకూ ఇదే పాఠం. పైన ఉండే 25,000 వోల్టుల వైరు కరెంటు తీసినారని చేతికి కాగితం వచ్చేవరకు బతికే ఉన్నట్టు లెక్క. తీసేసినారని నోటిమాటగా నమ్మినవాడు ఇంటికి రాడు.

తర్వాత ఆయన మావాడిని ఒక ప్రశ్న అడిగినాడు. "ఆ రాత్రి అతను ఎంత దూరంలో ఉన్నాడు?" మావాడు "బల్లకు అవతల" అన్నాడు. "అతని తుపాకీ అప్పటికే చేతిలో ఉంది. నువ్వు చొక్కా ఎత్తి, తీసి, గురిపెట్టేదానికి బాగా నేర్చినవాడికే సెకను పైన పడుతుంది. అతనికి వేలు కదిలిస్తే చాలు. గల్లా పెట్టె కోసం దీన్ని బయటికి తీయొద్దు. ప్రాణానికి మాత్రమే." మావాడు ఏమీ మాట్లాడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత అతనే అన్నాడు. "మామా, ఆ పిల్లోడికి పద్దెనిమిది, పంతొమ్మిది ఏండ్లు ఉంటాయి. వాడి చెయ్యి నా చెయ్యి కంటే ఎక్కువ వణికింది. ఆ పొద్దు నా దగ్గర ఇది ఉండి ఉంటే మా ఇద్దరిలో ఒకడు ఇప్పుడు ఉండడు. ఎవడో తెలీదు." "అట్లయితే ఎందుకురా కొనేది?" అన్నాను. "డబ్బు తీసుకొని పోకుండా, కాల్చి పోయేవాడు వస్తే? చేతులు ముడుచుకొని నిలబడలేను మామా. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. వద్దు అని చెప్పేదానికి పోయినవాడిని చెప్పలేకపోయినాను. ఆ అంగడిలో రాత్రి పదకొండుకు ఒంటరిగా నిలబడేది నేను కాదు గదా. మా అమ్మాయి ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

మరుసటి రోజు నేను చెప్పగలిగింది ఒకటే చెప్పినాను. నేను బుకింగ్ క్లర్కుగా ఉన్న రోజుల్లో స్టేషన్ వసూలు తోలు సంచిలో వేసి, సీలు వేసి, గార్డు పెట్టెలో ఉండే ఇనుప క్యాష్ సేఫ్‌లో జారవిడుస్తాము. లోపలికి పడింది మళ్ళీ బయటికి రాదు. తాళం గార్డు దగ్గర ఉండదు, నా దగ్గరా ఉండదు. నన్ను బెదిరించినా నేను ఇవ్వలేను. అది అందరికీ తెలుసు కాబట్టే నా ఉద్యోగం అంతా ఏ ఆయుధమూ లేకుండా నిద్రపోగలిగినాను. "నీ అంగడిలో అట్లాంటిది ఎందుకు పెట్టవు?" అన్నాను. అక్కడా దొరుకుతుంది, డ్రాప్ సేఫ్ అంటారు. గంటకొకసారి నోట్లు అందులో పడేస్తారు, గల్లాలో చిల్లర మాత్రమే ఉంటుంది. "ఈ గల్లాలో డబ్బు ఉండదు" అని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టినారు. రాత్రి వేళ ఇద్దరు ఉండేటట్టు మార్చినారు. వాడికి నేను చేసిన సాయం అంతే.

తుపాకీ కూడా కొన్నాడు. పి365లోనే పక్కన సేఫ్టీ మీట ఉండే రకం, మా అమ్మాయి పట్టుబట్టినందుకు. మీటను పూర్తిగా కప్పే గట్టి ఒర, దళసరి బెల్టు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏండ్లు నిండి, చట్టం అడ్డు చెప్పనివాళ్ళు లైసెన్సు లేకుండానే పెట్టుకొని తిరగొచ్చు. అయినా "నేర్చుకోకుండా తగిలించుకోను" అని క్లాసుకు పోయి లైసెన్సు తీసినాడు. మూడు, ఏడు, పదిహేను గజాల దూరాల నుంచి 50 తూటాలు కాల్చి చూపించాల. బడికీ, పోస్టాఫీసుకూ తీసుకుపోకూడదు. 30.06 అని బోర్డు ఉన్న అంగడికీ, సారాయే ముఖ్య వ్యాపారంగా ఉండి 51 శాతం అని ఎర్ర బోర్డు పెట్టిన చోటికీ అంతే. పదిహేడేండ్ల లోపు పిల్లవాడికి అందేటట్టు పెడితే అదే నేరం.

ఆ చివరి మాట దగ్గరే నేను తప్పు చేసినాను. ఒక సాయంత్రం మనవడు, ఆరేండ్లవాడు, నా ఒడిలో కూర్చొని "తాతా, నాన్న నడుము దగ్గర గట్టిగా ఏముంది?" అని అడిగినాడు. "బెల్టు బకిలు నాయనా" అన్నాను. మా అమ్మాయి వింటానే ఉంది. "నాయనా, వాడికి అబద్ధం చెప్పొద్దు. తెలియని వస్తువును పిల్లోడు వెతుకుతాడు" అనింది. వద్దని మొదట పట్టుబట్టింది ఆమే. వచ్చేసినాక బిడ్డను ఎట్లా కాపాడాల అని మాకంటే ముందు ఆలోచించిందీ ఆమే. వాడిని పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. "అది తుపాకీ. బొమ్మ కాదు. ఇక్కడైనా, స్నేహితుల ఇంట్లో అయినా కనబడితే తాకకూడదు, ఆ గదిలోంచి బయటికి వచ్చి పెద్దవాళ్ళకు చెప్పాల." అల్లుడు అంగడి నుంచి వచ్చిన వెంటనే చెప్పులు విప్పేముందే దాన్ని వేలిముద్రతో తెరుచుకొనే ఇనుప పెట్టెలో పెడతాడు. అది ఆ ఇంట్లో ఆమె పెట్టిన చట్టం.

మంచిపని చేసినాడా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఆ పెట్టె ఉన్న ఇంట్లో నా మనవడు నిద్రపోతాడు అనేది ఒక భయం. అది లేని అంగడిలో నా అక్క కొడుకు నిలబడతాడు అనేది ఇంకొక భయం. రెండూ నాతోనే ఉన్నాయి.

మీ పిలకాయలు అక్కడ ఉంటే తుపాకీ ఉందా అని సిగ్గుపడకుండా అడగండి. ఉంది అంటే తిట్టొద్దు. ఎక్కడ పెడతావు, తాళం ఎవరి దగ్గర, పిల్లలకు చెప్పినావా అని అడగండి. బిడ్డలను స్నేహితుల ఇంటికి పంపేముందు ఆ ఇంట్లో ఉందా అని అడగమని చెప్పండి. మా అమ్మాయి అడుగుతుంది. ఎవరూ తప్పుగా అనుకోలేదంటా.

రోజూ మనకు పొద్దున తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర అయితే నా ఫోనుకు అల్లుడి నుంచి ఒక మెసేజి వస్తుంది. "అంగడి మూసినాం మామా, ఇంటికి వచ్చేసినాను, పెట్టెలో పెట్టేసినాను." అది చూసినాకే నేను టిఫిను తింటాను.

తప్పులుంటే మన్నించండి.