చిత్తనదికి లస్కరు

విజయవాడలో బందరు కాలువకు సమీపాన నివసించే ఒక యువకునికి ముప్పయ్యవ ఏట వైద్యులు ఏడీహెచ్‌డీ, అనగా అవధానలోప–అతిచాంచల్య స్థితి, ఉన్నదని నిర్ధారించారు. కంప్యూటర్ ముందు ఎనిమిది గంటలు నిశ్చలంగా కూర్చునే తనకు అవధానలోపమేమిటని అతడు నవ్వాడు. ఆ తన్మయత్వాన్ని అతడు ధ్యానసిద్ధిగా భావించేవాడు.

ఒక రాత్రి ఆ భావన భగ్నమైంది. తండ్రి మధుమేహరోగి. "ఐదు నిమిషాల్లో వస్తాను నాన్నా" అన్న కుమారుని మాట నమ్మి, ఇన్సులిన్ తీసుకుని కంచం ముందు నిరీక్షించాడు. గంట గడిచింది. పిలుపులు కుమారుని చెవిని తాకాయి గాని చిత్తాన్ని చేరలేదు. అతడు తలుపు తెరిచేసరికి తండ్రి చెమటతో తడిసి, మాట తడబడుతూ కనిపించాడు. పంచదార నీళ్లు తాగించాక తేరుకున్నాడు.

ఈ అతినిమగ్నతను హైపర్‌ఫోకస్ అంటారు. రోగనిర్ధారణ లక్షణాల పట్టికలో దీనికి స్థానం లేకున్నా, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో అనేకులకు ఇది అనుభవవేద్యం. వారిలో అవధానశక్తికి కొరత లేదు. దానిపై నియంతృత్వమే దుర్బలం. తక్షణాసక్తి కలిగించే విషయానికి చిత్తం అంటుకుపోతుంది, కాలస్పృహ లోపిస్తుంది.

ఇంద్రకీలాద్రిపై తపస్సు చేశాడని స్థలపురాణం చెప్పే అర్జునుడు బాల్యంలో పక్షి కన్నును తప్ప మరి దేనినీ చూడలేదు. గీత ఆరవ అధ్యాయంలో మనస్సు వాయువువలె దుర్నిగ్రహమని మొరపెట్టుకున్నదీ అతడే. అభ్యాసవైరాగ్యాలే ఉపాయమని భగవంతుడు బోధించాడు. ఆ రెంటినీ వివరిస్తూ వ్యాసభాష్యం చిత్తాన్ని ఇరువైపులా ప్రవహించే నదిగా వర్ణించింది: వైరాగ్యం విషయప్రవాహాన్ని అరికడుతుంది, అభ్యాసం వివేకప్రవాహానికి దారి తెరుస్తుంది.

తండ్రి నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. ఆనకట్ట నదిని శిక్షించదని అతనికి తెలుసు. 1855లో పూర్తయిన ఆనకట్టగాని, 1957 నాటి ప్రకాశం బ్యారేజిగాని చేసింది నీటిమట్టాన్ని పెంచి కాలువలకు మళ్లించడమే. కుమారుని పశ్చాత్తాపం విని ఆయన ఇంతే అన్నాడు: "వరదొచ్చాక తలుపు తాళం వెతికేవాడు లస్కరు కాదురా. ఎప్పుడు దించాలో ముందే అనుకోవాలి."

వైరాగ్యానికి ఇక్కడ వర్తించే అర్థం అదే. నిమగ్నుడైన మనిషి ఆ క్షణంలో నిర్ణయించుకోలేడు. కనుక నిర్ణయం ఉపక్రమానికి ముందే జరగాలి. అతడు ఇప్పుడు ఎప్పుడు లేవాలో కాగితంపై వ్రాసి పనికి కూర్చుంటాడు. అలారం గది అవతల ఉంటుంది. ఆపాలంటే లేవక తప్పదు. లేచేముందు తరువాతి అడుగును ఒక వాక్యంలో వ్రాస్తాడు. పని పోతుందన్న భయం తొలగి చిత్తం పట్టు విడుస్తుంది. ఒకవేళ లేవకుంటే, తండ్రి దూరం నుండి పిలవక వచ్చి భుజంపై చేయి వేస్తాడు. వైద్యుడిచ్చిన మందును అతడు సాధనకు విరోధిగా తలచడం లేదు. ఇద్దరూ కంచాల ముందు కూర్చున్న తరువాతే ఇన్సులిన్.

కొన్ని రాత్రులు అలారం మోగినా అతడు లేవడు. అప్పుడు కాలువగట్టున గేటు తిప్పిన ఆ చేయి భుజాన్ని తాకుతుంది. అన్నం ఇంకా వేడిగానే ఉంటుంది.