చేప పేరున్న ఊళ్లో

నిన్న నలుగురు మిత్రులం మచిలీపట్నం తిరిగాం. డచ్చివాళ్ల సమాధుల మీద వంశచిహ్నాలు ఇంకా చెక్కుచెదరలేదు. 1864 నవంబరు ఉప్పెనలో ఇక్కడ దాదాపు 30,000 మంది పోయారు. వాళ్లలో కూలోళ్ల పేర్లు, జాలర్ల పేర్లు ఏ రాయి మీదా మాకు కనబడలేదు.

గిలకలదిండి హార్బరు దగ్గర ఎండు నెత్తళ్లు కొన్నాం. మిత్రుడి అక్క వంకాయేసి పులుసు పెట్టింది. ముద్ద నోట్లో పెట్టగానే, చదువుకునే రోజుల్లో నీచు కంపని గది ఖాళీ చేయించిన ఇంటి ఓనరు గుర్తొచ్చాడు. ఆ రోజు అమ్మ కట్టిచ్చిన నెత్తళ్లను మురిక్కాలవలో పారబోశాను. గది పోయిన బాధ తీరింది, ఈ సిగ్గు తీరలేదు.

మన పేర్లు రాళ్ల మీద ఎవరూ చెక్కలేదు. మన కూడు కూడా మనమే దాచుకుంటే ఇంకేం మిగులుద్ది? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హాస్టల్లో ఆ డబ్బా మూత తీయండి. పక్కోడికీ ఒక ముద్ద పెట్టండి.

జై భీమ్.