లక్క ఇల్లు

అమెరికాలో ఉన్న అబ్బాయి ఇల్లు కొన్నాడంటే మనవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. ఎన్ని బెడ్‌రూములు? గృహప్రవేశానికి మీరు వెళ్తున్నారా? మావాడి విషయంలో ఆ రెండింటికీ నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఎందుకంటే వాడు కొన్న ఇంటికి పునాది లేదు. చక్రాలున్నాయి.

దాన్ని అక్కడ ట్రావెల్ ట్రైలర్ అంటారు. ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న గది. మంచం, పొయ్యి, సింకు, ఓ బల్ల... అన్నీ అందులోనే. మావాడిది 1964లో తయారైంది. పొడవు 16 అడుగులు. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, ఆఫీసుకు అరగంట దూరంలో ఇలాంటి బళ్లు నిలుపుకునే చోట అందులోనే ఉంటాడట. 32 ఏళ్లవాడు. పెళ్లి మాటెత్తితే నవ్వేసి ఊరుకుంటాడు. ఇప్పుడు ఇల్లూ లేదంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? 2024 ఏప్రిల్‌లో నేను టెక్సాస్ వెళ్లింది వాడికి నచ్చజెప్పడానికే.

వెళ్లేసరికి ట్రైలర్ లోపలి గోడలు సగం విప్పేసి ఉన్నాయి.

అవి మన గోడల్లాంటివి కావు. సన్నటి చెక్క చట్రం, దానిమీద 3 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్. అంతే. బండి రోడ్డుమీద ఊగుతుంది కాబట్టి లప్పం పెడితే పగుళ్లిస్తుంది. టైల్స్ అతికిస్తే బరువు. అందుకే చాలామంది గోడలు కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ పూసి తెల్లరంగు వేసేస్తారు. మావాడు ఒప్పుకోలేదు. ‘‘ఈ చెక్కకు ఈ తేనెరంగు రావడానికి 60 ఏళ్లు పట్టిందమ్మా. ఒక్క డబ్బా రంగుతో పోగొట్టనా?’’ అన్నాడు.

కిటికీ కింద మాత్రం నల్లటి మరక. నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. నీళ్లు కారి చెక్క చివికింది. కారడం ఆగకుండా పైన ఏం పూసినా దండగే. అందుకని కిటికీ ఊడదీసి, ఎండి రాలిపోతున్న పాత పుట్టీ గీకేసి, బంకలా సాగే బ్యూటైల్ టేపు చుట్టూ పెట్టి మళ్లీ బిగించాడు. పైకప్పు అంచున అతుకులూ మూశాడు. నేను బయట పైపుతో నీళ్లు కొడుతుంటే వాడు లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాడు. చుక్క కూడా దిగలేదని తేలాకే, చివికిన రెండు పలకల స్థానంలో కొత్తవి కోసి పెట్టాడు.

కొత్త చెక్క పాలిపోయినట్టుంది. పాతది తేనెరంగు. రెండూ కలిసేదెలా? అప్పుడు ఓ పొట్లం విప్పాడు. బెల్లం పాకాన్ని పల్చగా ఆరబెట్టి విరిచినట్టున్న పెళుసు ముక్కలు.

‘‘షెల్లాక్ అంటారమ్మా. స్పిరిట్‌లో నానబెట్టి పూయాలి.’’

‘‘ఓరి నాయనా, ఇది లక్కరా!’’ అన్నాను.

నేను పెరిగింది ఏటికొప్పాక పక్క పల్లెలో. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికి కరిగి పట్టేస్తుంది. మా చిన్నప్పుడు కళ్లప్పగించి చూసేవాళ్లం. మోదుగ, రేగులాంటి చెట్ల కొమ్మలమీద చిన్న పురుగులు పెట్టే జిగురు అది. మన జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎక్కువగా సేకరిస్తారు. టెక్సాస్‌లో మావాడి చేతిలో చూస్తే పుట్టింటివాళ్లు ఎదురైనట్టనిపించింది.

ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. ‘‘ఒరేయ్, లక్క ఇంట్లో ఉంటావా? పాండవుల కథ తెలుసా?’’ అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. నిజానికి పూసేటప్పుడే జాగ్రత్తట, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి. అందుకే గ్యాస్ సిలిండర్ తీసి బయట పెట్టాడు. తలుపులు తెరిచే ఉంచాడు. పొగ వస్తే మోగే అలారం, మంటలార్పే సిలిండర్ చూపించాడు. వెనక కిటికీని మనిషి దూరేలా బయటికి తెరుచుకునేట్టు అమర్చాడు. ‘‘ఇదే నా సొరంగం’’ అన్నాడు.

పూయడం ఇద్దరం చేశాం. కుంచె ఒకసారి లాగితే మళ్లీ వెనక్కి రాకూడదు, గీతలు పడతాయి. పాత పలకలకు రెండు పూతలు చాలాయి. కొత్తవాటికి ఐదు పడ్డాయి. అప్పటికిగానీ రంగులు దగ్గరపడలేదు.

పూతకూ పూతకూ మధ్య ఆరడానికి ఆగినప్పుడు, వచ్చిన పని మొదలెట్టాను. అందరిలా ఓ ఇల్లు కొనుక్కోరాదా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ‘‘నాది హెచ్-1బీ వీసా అమ్మా. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే టైము. పోయినేడాది మా టీములో ఇద్దరికి పోయాయి. ఒకతనికి ముప్పై ఏళ్ల లోను, బడికెళ్లే పాప. ఇల్లు అమ్మడానికే ఆ రోజులు సరిపోలేదు. ఆ పాప మొహం చూశాక నాకు ధైర్యం చాల్లేదు.’’

ఇన్నేళ్లూ ఫోన్లో ‘బాగున్నానమ్మా’ తప్ప ఇంకోమాట చెప్పని పిల్లాడు. నేనింకేం అనలేదు. కుంచె అందించాను. పునాది ఉన్న ఇల్లే ఇల్లని ఇప్పటికీ అంటాను. కానీ వాడి భయం తెలియకుండా ఆ మాట అనడం వేరు, తెలిసి అనడం వేరు.

మొన్న చలికాలంలో ఫోన్ చేశాడు. లోపలి వెచ్చదనానికి కిటికీ అద్దంమీద చెమ్మ పట్టి, కిందికి జారి గోడమీద తెల్లమచ్చ పడిందట. లక్కకు నీళ్లు పడవు. కానీ దాంట్లో ఓ మంచి గుణముంది. కొత్త పూత పాతదాన్ని కాస్త కరిగించి అందులోనే కలిసిపోతుంది. అంతా గీకి మళ్లీ మొదలెట్టక్కర్లేదు. స్పిరిట్ గుడ్డతో తుడిచి ఒక పూత వేశాడట.

‘‘పోయిందా?’’ అన్నాను.

‘‘వెతికినా కనపడటం లేదమ్మా’’ అన్నాడు.

ఇదే అదనని పెళ్లి మాటెత్తాను. వాడు మాత్రం ఎప్పట్లాగే నవ్వేశాడు.