ఎరుపా? నలుపా?

సినిమాల్లో కేసినో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తెల్లకోటు వేసుకున్న హీరో మెట్లు దిగి వస్తాడు. చుట్టూ దీపాలు, సిగరెట్ పొగ, పొడుగు గౌను వేసుకున్న సుందరి. హీరో ఓ చిరునవ్వు నవ్వి, ఉన్నదంతా ఒకే అంకెమీదికి తోసేస్తాడు. చక్రం గిర్రున తిరుగుతుంది. బంతి ఎక్కడ పడబోతోందో నేల టికెట్టు వాడిక్కూడా ముందే తెలుసు!

ఎందుకు పడదూ? అక్కడ డైరెక్టరుగారున్నారు. 1942లో వచ్చిన ‘కాసాబ్లాంకా’ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. డబ్బంతా పోగొట్టుకుంటున్న ఓ కుర్రాడి పక్కకొచ్చి, ఆ జూదశాల యజమాని హంఫ్రీ బోగార్ట్ 22 మీద పెట్టమంటాడు. 22 వస్తుంది. మళ్ళీ అక్కడే ఉంచమంటాడు. మళ్ళీ 22! జాలి గుండెగల యజమాని కనుక గెలిపించాడు. మన ‘మాయాబజార్’లో సి.ఎస్.ఆర్. శకుని ఏం చేశాడో వేరే చెప్పక్కర్లేదు. ఏ దేశపు సినిమా అయినా సరే, పాచికలు ఎవడి చేతిలో ఉన్నాయన్నదే కథ.

నిజం కేసినోలో మన చెవిలో ఊదేవాడు ఎవడూ ఉండడు. ఈ ముక్క తెలుసుకోడానికి నాకు అయిదు వేలయింది. మా బావ పక్కన లేకపోతే ఇంకో నలభై రెండు వేలు కూడా అయ్యేదే!

బావంటే మా మేనమామ కొడుకు. సంక్రాంతికి పేకముక్కలు పట్టాడంటే కనుమ దాటాకే దించుతాడు. ఒకసారి రమ్మీలో స్కూటరు పోగొట్టుకున్నాడని మా చుట్టాలందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే ఇద్దరం కలిసి గోవా వెళ్తామన్నప్పుడు అమ్మ నన్నే కూర్చోబెట్టింది. మా తాతగారు రెండెకరాల మాగాణి పేకాటలో పోగొట్టిన ఇల్లు మాది. వద్దని మాత్రం అనలేదు. పద్దుల పుస్తకం తీసి, “ఎంత పోతే ఏడవకుండా వస్తావ్?” అని అడిగింది.

“అయిదు వేలు.”

“అయితే అది పోయినట్టే రాస్తాను,” అంటూ అప్పుడే రాసేసింది. ‘ఓడ టికెట్టు – 5,000.’ డబ్బు కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ కవర్లోది తప్ప ఇంకో పైసా ముట్టనని మాటిచ్చాను.

గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. దారి పొడుగునా బావకి నేనే పాఠం చెప్పాను. జూదమాడేవాడు ముందు తనని తాను నమ్మకూడదూ, కార్డులూ ఫోనూ పక్కవాడికి ఇచ్చెయ్యాలీ అంటూ. దూధ్‌సాగర్ జలపాతం వచ్చేసరికి నా కార్డూ ఫోనూ తీసి వాడి సంచిలో పడేశాను కూడా! పెద్ద త్యాగమూర్తిలా. బావ కిమ్మనలేదు. పల్లీలు తింటూ కూర్చున్నాడు.

ఓడలో జూదమేమిటి అంటారా? గోవాలో 1976 నాటి జూద నిరోధక చట్టానికి 1992లో సవరణ చేసి ఫైవ్‌స్టార్ హోటళ్ళలో యంత్రాలకీ, 1996లో మరో సవరణతో ఓడలమీద బల్లలాటలకీ అనుమతిచ్చారు. అందుకని పణజీలో మాండవి నదిలో ఓడలు లంగరేసుకుని ఉంటాయి. ఒడ్డునించి చిన్న బోటులో తీసుకెళ్తారు. 21 ఏళ్ళు నిండనివారిని రానివ్వరు. కుర్రపాఠకులు తొందరపడొద్దు!

లోపలికెళ్ళగానే నా సినిమా సగం తెగిపోయింది. తెల్లకోటు లేదు, గౌనూ లేదు. చొక్కా గుండీలు విప్పుకున్న బట్టతలలు, బనియన్ల కుర్రాళ్ళు, అందర్ బాహర్ బల్ల దగ్గర నోరు విప్పని ఓ పెద్దావిడ. ఎవరి మొహానా నవ్వు లేదు. గోడకి కిటికీ లేదు, గడియారం అంతకన్నా లేదు. భోజనం, మందు టికెట్లోనే. మందు ఎందుకు ఊరికే పోస్తున్నారో మీరే ఆలోచించుకోండి. నోట్లు తీసుకుని రంగు బిళ్ళలిస్తారు. వాటినే చిప్స్ అంటారు. చిత్రమేమిటంటే, అయిదు వందల నోటు విసరడానికి వణికే చెయ్యి అయిదు వందల బిళ్ళని ఇట్టే విసిరేస్తుంది.

రూలెట్ చక్రంలో 37 గదులుంటాయి. 18 ఎరుపు, 18 నలుపు, ఒకటి సున్నా. అది ఆకుపచ్చ. ఎరుపుమీద వంద పెడితే, వస్తే వంద లాభం. సరిసమానంగా ఉంది కదా అనిపిస్తుంది. ఆ ఒక్క ఆకుపచ్చ గదే యజమాని జీతం! సున్నా పడితే ఎరుపు వాడిదీ నలుపు వాడిదీ కూడా లాగేసుకుంటాడు. వందకి సగటున రెండు రూపాయల డెబ్భై పైసలు ఆయనకి. ఇందులో మోసమేమీ లేదు, శకుని పాచికలు అక్కర్లేదు. అయిదు వందల చొప్పున గంటకి నలభై ఆటలు ఆడితే మనం బల్లమీద తిప్పింది 20,000. దానిమీద సగటున పోయేది 540. గంటకి 540 అంటే బాల్కనీ టికెట్టూ, ఇంటర్వెల్లో సమోసాలూ అనుకోండి. సినిమా బాగాలేదని బుకింగ్ గదికి వెళ్ళి డబ్బు వెనక్కివ్వమని అడుగుతామా?

నేను అడిగాను. అదీ నా కథ.

మొదటి గంట నా చేతిలో 6,500 అయ్యాయి. బావ మూడు వందలు పోగొట్టుకుని భోజనానికి లేచాడు. “బోటెక్కుదామా?” అన్నాడు. నేను నవ్వాను. అప్పుడే నాకో గొప్ప సూత్రం తట్టింది. పోయిన ప్రతిసారీ రెట్టింపు పెట్టడం! ఎప్పుడో ఒకప్పుడు ఎరుపు వస్తుంది, అన్నీ తిరిగొస్తాయి. ఎరుపుమీద 500 పెట్టాను. నలుపు. 1,000. నలుపు. 2,000. నలుపు. ఇప్పుడు 4,000 పెట్టాలి, ఉన్నవి 3,000. అవే పెట్టాను. నలుపు!

నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. అక్కడినించి లేవలేదు నేను. నిలబడి చూస్తున్నాను. మళ్ళీ నలుపు. మళ్ళీ నలుపు. పైన ఎలెక్ట్రిక్ బోర్డుమీద ఆరు నల్ల అంకెలు. ఇక ఎరుపు రాక తప్పదు కదా! పరుగెత్తాను.

“బావా, కార్డివ్వు.”

బావ పెరుగన్నం కలుపుకుంటున్నాడు. తలెత్తలేదు. “అమ్మ కంటి ఆపరేషన్ డబ్బులెక్కడున్నాయిరా?”

ఆ కార్డులోనే. నలభై రెండు వేలు. నాకు ఆ క్షణాన అవి కళ్ళకి బిళ్ళల్లాగే కనిపించాయి. అమ్మ కన్ను కనిపించలేదు.

“ఒక్కసారే బావా. ఎరుపు వచ్చి తీరాలి.”

“చక్రానికి వెనకటి ఆట గుర్తుంటుందా?”

గుర్తుండదు. నాకూ తెలుసు. 1913లో మాంటెకార్లోలో వరసగా 26 సార్లు నలుపు పడిందని, ఎరుపు వస్తుందని నమ్మినవాళ్ళందరూ దివాలా తీశారని ఆ ఉదయం రైల్లో బావకి చెప్పిన మేధావిని నేనే! అయినా అన్నాను, ఇప్పటికీ సిగ్గుపడే మాట: “స్కూటరు పోగొట్టుకున్న నువ్వు నాకు చెప్తున్నావా?”

బావ చెయ్యి కడుక్కున్నాడు. “అవునురా. ఆ రోజు నాకు కార్డివ్వనివాడు లేకపోయాడు,” అని నా భుజం పట్టుకుని డెక్కుమీదికి లాక్కెళ్ళాడు. తలుపు దాటుతూ వెనక్కి చూశాను. ఏడో ఆట. ఎరుపు!

నది మీద గాలి వీస్తోంది, అవతల పణజీ దీపాలు. బావతో ఒక్క మాట మాట్లాడలేదు. తిరుగు రైల్లో కూడా మాట్లాడలేదు. నా 5,000 నాకు రాకుండా చేశాడనే కోపం వారం రోజులుంది. ఆ ఎరుపు నాకు వచ్చి ఉంటే నేనా రాత్రి లేచి ఉండేవాణ్ణి కాదని తట్టడానికి అంత టైము పట్టింది మరి.

తర్వాతి నెలలో అమ్మకి ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మొదట చూసింది టీవీలో ‘మాయాబజారే’. బావ కూడా వచ్చాడు, పకోడీల పొట్లంతో. శకుని సత్యపీఠం ఎక్కి కడుపులోదంతా కక్కేస్తుంటే అమ్మ విరగబడి నవ్వి, “మీ ఓడలో కూడా అలాంటి పీట ఒకటి వేయించకూడదుట్రా?” అంది.

“అక్కడెందుకత్తా, వీడి మంచం పక్కన వేయించు,” అన్నాడు బావ.

పొట్లం వాడి చేతిలోంచి లాక్కున్నాను.