పాత బండికి మారు గేరుపెట్టె

ఇల్లాలికి మోటారు బండ్ల లోపలి సంగతులెందుకని కొందఱనవచ్చును. మరమ్మతు సొమ్ము పోవునది ఇంటి పెట్టెలోనుండియే కదా! అది దేనికి పోవుచున్నదో యెఱుగుట గృహిణికి తగిన పనియే యని మా తలంపు. ఈ వేసవిలో మా పాత బండికి గేరుపెట్టె మార్పించితిమి. అప్పుడు మేము చూచి, విని, అడిగి తెలిసికొన్న విషయములు సోదరీమణులకు ఉపయోగపడునేమో యని వ్రాయుచున్నాము.

గుంతకల్లు ప్రాంతమున నల్లరేగడి నేలలు మెండు. ఎండకు నెఱ్ఱెలు విచ్చి రాయివలె నుండు నేల, వాన పడినంతనే బంకయై చక్రమును పట్టుకొనును. అనంతపురము జిల్లాలో ఏటేట కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. అదియు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో హెచ్చు. ఏడాది పొడుగున ఎండియుండు వంక ఆ దినములలో ఒక్క రాత్రిలో పాఱి, దారిని బురద చేసి పోవును. ఆ వంకకు ఆవల చేనిలోని యింట మా అత్తగారు, మఱదిగారు నివసించుచున్నారు. అత్తగారికి డెబ్బదియైదేండ్లు, గుండెజబ్బు కలదు. పట్టణమునకు వచ్చి మాతో నుండుడని యెంత బతిమాలినను చేను విడిచి రారు. ఆ బురదలో ఆటో నడవదు. నాలుగు చక్రములును లాగెడి ఈ పాత బండి యొక్కటే యామెను ఆసుపత్రికి చేర్పగలది. అది వానలకు ముందే బాగుపడవలెను.

గేరుపెట్టె చేయు పని తెలియనిచో దాని రోగము తెలియదు. చిన్న పండ్లచక్రము పెద్దదానిని త్రిప్పినచో వేగము తగ్గి బలము హెచ్చును. ఎత్తునకును, బురదకును బలము కావలెను; చక్కని బాటపై వేగము కావలెను. ఆయా జతలను వేళకు తగినట్లు కలుపునదే గేరుపెట్టె. వేర్వేరు వేగములతో తిరుగు భాగములు కలియుటకు ముందు వానిని సమవేగమునకు తెచ్చుటకు లోపల ఇత్తడి ఉంగరములుండును. వీనిని సింక్రో ఉంగరములందురు. ఇట్టి బండ్లకు మూలపురుషుడైన విల్లీసు జీపును మహీంద్రా సంస్థ 1940ల చివర మన దేశమున కూర్ప మొదలిడినది. ఆ కాలపు జీపులలోని టీ-90 అను పెట్టెకు ముందుకు మూడు గేర్లే. మొదటి గేరునకు ఉంగరము లేదు. తరువాతి పెట్టెలలో గేర్లును, ఉంగరములును పెరిగినవి. మా బండికి ముందుకు అయిదు.

మొదట రెండవ గేరు వేయునప్పుడు గరగర ధ్వని పుట్టెను. ఉంగరము అరిగినదనుటకు అది గుర్తు. పిదప, పల్లమున దిగుచు యాక్సిలరేటరు వదలినపుడెల్ల మూడవ గేరు తనంత తానే ఊడి వచ్చుచుండెను. 1956 నుండి రైల్వే డివిజనునకు కేంద్రమైన ఈ యూర ఇనుప చప్పుడెఱుగని చెవి లేదు. మా మేస్త్రియు చెవితోనే పరీక్ష మొదలిడెను. బండిని నిలిపి, గేరు లేకుండ ఇంజను నడిపి, క్లచ్చి త్రొక్కి చూచెను. త్రొక్కగానే మ్రోత ఆగెను. క్లచ్చి బేరింగు చెడినచో త్రొక్కినపుడే చప్పుడు పుట్టును. త్రొక్కినపుడు అణగినచో దోషము పెట్టెలోనే యని యతడు చెప్పెను. నూనె దింపగా పళ్లెములో బంగారు పొడివలె ఇత్తడి మెఱసినది. అయస్కాంతమునకు ఉక్కు పలుకులు అంటినవి.

"బండిని పాత ఇనుముకు అమ్మివేయుడు" అని హితులు కొందఱు చెప్పిరి. ఉంగరములు మాత్రము మార్చిన చౌకగా పోవునని మఱికొందఱు. పెట్టెను మా కన్నుల యెదుట విప్పుమని మేస్త్రిని కోరితిమి. గోనెపట్టపై భాగములన్నియు వరుసగా పేర్చెను. పండ్లకు గుంటలు పడినవి. బేరింగు కూర్చుండు చోట పెట్టె గోడయే అరిగి వదులైనది. "అమ్మా, లోపల ఎన్ని కొత్తవి ఏసినా ఇంగ నిలవదు. పెట్టే మార్చల్ల" అనెను. తిరగలి రాయి అరిగిన గంట్లు కొట్టింతుము. రాయియే పగిలినచో గంట్లేమి చేయును? మాకు సందేహము తీఱినది.

సొమ్మునకు మా గాజుల జతను బ్యాంకులో కుదువ పెట్టితిమి. పెండ్లినాడు అత్తగారే తొడిగినవి. సంగతి చెప్పగా ఆమె, "గాజులు చేతికుంటే ఏమి, బ్యాంకులో ఉంటే ఏమి? వంకొచ్చిన నాడు బండి ఉండల్ల గదా" అనిరి. ఆ మాట మాకు పెద్ద ధైర్యమిచ్చినది.

అదే జాతి పాత బండి నుండి తీసిన మంచి పెట్టె బళ్లారిలో దొరకెను. కొనుటకు ముందు రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన నుంచి పోల్చితిమి. క్లచ్చిలో దూరు షాఫ్టు పొడవు, దానిపై గాడుల సంఖ్య, బోల్టు రంధ్రముల స్థానము, వెనుక ట్రాన్స్‌ఫరు కేసుతో కలియు భాగము, ఇవన్నియు సరిపోవలెను. ఒక్కటి తప్పినను సొమ్ము వృథా. మూత తీసి పండ్లను చూచి, షాఫ్టును పట్టి ఊపి వదులు లేదని నిశ్చయించుకొంటిమి.

నాలుగు చక్రములు లాగు బండిలో ఈ పని మామూలు కారులో కంటె పెద్దది. ముందు చక్రములకొకటి, వెనుక చక్రములకొకటి రెండు షాఫ్టులూడదీయవలెను; ట్రాన్స్‌ఫరు కేసును దింపవలెను. ఇంత శ్రమపడి విప్పినపుడే క్లచ్చి ప్లేటు, క్లచ్చి బేరింగు కూడ మార్చుట తెలివి. లేకున్న అవి అరిగిననాడు ఇదే కూలి మరల ఈయవలసివచ్చును. పెట్టె నెక్కించునపుడు దాని బరువు క్లచ్చి ప్లేటుపై వ్రేలరాదు, ప్లేటు వంగును. జాకీపై నిలిపి, సూటిగా, చేతితోనే లోనికి పోనీయవలెను. బోల్టులు బిగించి బలవంతముగా లాగరాదు. మేస్త్రియు, ఇద్దఱు కుఱ్ఱలును రెండు దినములు శ్రమించిరి.

నూనె విషయమున అశ్రద్ధ తగదు. ఇత్తడి ఉంగరములున్న పెట్టెలకు చాలవఱకు జీఎల్-4 రకమును విధింతురు. జీఎల్-5 లోని కొన్ని మందులు ఇత్తడిని తినును. బండి చేసినవారి పుస్తకమున నేది యున్నదో అదియే పోయించితిమి. పాత పద్ధతి బండ్లలో నాలుగు చక్రముల లాగుడును బురదలో, ఇసుకలో మాత్రమే వాడవలెను. మలుపులలో ముందు చక్రములు నడచు దూరము వేఱు, వెనుకవి నడచు దూరము వేఱు. పొడి తారుబాటపై ఆ తేడాకు సర్దుబాటు లేక షాఫ్టులును, పండ్లును మెలిపడి అరుగును.

ఇప్పుడు గేరు వెన్నవలె పడుచున్నది. మా వారు ఎండిన వంకలో బండిని అటునిటు నాలుగు సారులు దాటించి చూచిరి. గాజులింకను బ్యాంకులోనే యున్నవి. నెలనెల కొంత కట్టుచున్నాము. సోదరీమణులారా! మీ యింటి బండి క్రొత్త ధ్వని చేసినచో, అది యే గేరులో, ఎప్పుడు పుట్టుచున్నదో చీటీపై వ్రాసియుంచుడు. మేస్త్రి విప్పునప్పుడు దగ్గఱ నిలిచి చూడుడు. అరిగినది భాగమో పెట్టెయో కన్నులార చూచిన పిమ్మటనే సొమ్ము తీయుడు.