వార్సాలో పాల బార్, తాలిన్‌లో ఉచిత ట్రామ్

పోలండ్ రాజధాని వార్సా సెంట్రల్ స్టేషన్లో రైలు దిగాక పైకి రావడమే పెద్ద పని. భూమి కింద అటూ ఇటూ దారులు, వాటి నిండా దుకాణాలు, ఎటు తిరిగినా ఒకేలాంటి మెట్లు. చివరికి బయటపడితే ఎదురుగా 237 మీటర్ల సంస్కృతీ విజ్ఞాన భవనం. 1955లో సోవియట్ యూనియన్ కానుకగా కట్టిచ్చిన ఆ మేడ పక్కన ఇప్పుడు అద్దాల ఆకాశహర్మ్యాలు లేచాయి. స్టేషన్ ముందున్న రోడ్డు వెంట కాస్త నడిస్తే కమ్యూనిస్టు పార్టీ పాత ప్రధాన కార్యాలయం వస్తుంది. 1991లో పోలండ్ స్టాక్ ఎక్స్ఛేంజిని తెరిచింది అందులోనే! ఆ గోడల్ని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

ఆకలేస్తోందంటే ఒక కాలేజీ అమ్మాయి ‘పాల బార్’కు తీసుకెళ్లింది. పేరుకు బారే గాని అది చవక భోజనశాల. గల్లా దగ్గర డబ్బు కట్టి, చీటీ తీసుకుని వంటింటి కిటికీలో ఇవ్వాలి. తిన్నాక ప్లేటు మనమే తెచ్చి మరో కిటికీలో పెట్టాలి. నాకు పియెరోగీలు వచ్చాయి. చూడ్డానికి అచ్చం కజ్జికాయలే. లోపల ఆలుగడ్డ, పనీరు. పైన వేయించిన ఉల్లిపాయలు. మాంసం లేని వంటకాలకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది కాబట్టి శాకాహారులూ వెళ్లొచ్చు. టై కట్టుకున్న ఉద్యోగి, పింఛను తీసుకునే పెద్దాయన ఒకే బల్ల దగ్గర తింటున్నారు. మన అయిదు రూపాయల భోజనం గుర్తొచ్చింది.

మా బల్ల దగ్గరే కూర్చున్న ఒక అవ్వ 1990 నాటి సంగతులు చెబుతుంటే ఆ అమ్మాయి నాకు వివరించింది. ఆ జనవరి 1న ధరల మీద అదుపు ఎత్తేశారు. ధరలు భగ్గుమన్నాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఇప్పుడు ఆ అవ్వ మనవలిద్దరికీ ప్రభుత్వం నుంచి తలా 800 జ్లోటీలు నెలనెలా వస్తున్నాయి. 2016లో 500తో మొదలైన పథకమిది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలందరికీ ఇస్తారు, ఇంటి ఆదాయం అడగరు. ఆదాయ ధ్రువపత్రం కోసం మన తల్లులు ఆఫీసుల చుట్టూ తిరగడం తలచుకుని ఆ అమ్మాయిని మళ్లీ అడిగాను. నిజంగానే అడగరట!

అక్కణ్నుంచి ఎస్టోనియా రాజధాని తాలిన్‌కు వెళ్లాను. మార్కెట్‌ను గట్టిగా నమ్మిన దేశమిది. ధనికుడికీ పేదకూ ఒకే రేటున, 26 శాతం ఆదాయపు పన్నును 1994లోనే పెట్టింది. అలాంటి చోట 2013 నుంచి నగరవాసులకు ట్రామ్, బస్సు ఉచితం! అంతకు ముందు ఏడాది ప్రజల ఓటు అడిగి మరీ తెచ్చారు. తెలంగాణ బస్సుల్లో ఉచిత ప్రయాణానికి ఆడవాళ్లు ఆధార్ చూపించినట్టు ఇక్కడ నగరంలో చిరునామా నమోదై ఉండాలి. నమోదైనవాళ్ల ఆదాయపు పన్నులో వాటా నగరానికి వస్తుంది కాబట్టి అది నగరానికీ లాభమే. మనలాంటి యాత్రికులు మాత్రం టికెట్ కొనాల్సిందే.

ఈ రెండు దేశాలూ ఒకే రకం కమ్యూనిస్టు వ్యవస్థ నుంచి బయటపడ్డాయి. దేన్ని మార్కెట్‌కు వదలాలో, దేన్ని చేజారనివ్వకూడదో ఎవరికి వారే తేల్చుకున్నారు. మీరు వెళితే కోటలతో పాటు పాల బార్ కూడా చూడండి. పేదవాడినని రుజువు చేసుకోనక్కర్లేని పథకం మనిషికి ఎంత మర్యాద ఇస్తుందో అక్కడి క్యూలో నిలబడితే తెలుస్తుంది. ఆ మర్యాద మన తల్లులకూ దక్కాలి.