కొండపల్లి కంటితో పాండవుల గుట్ట

భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టను ఫోన్‌తో ఫొటో తీస్తే ప్రతి పగులూ, ప్రతి ఆకూ పడింది. ఆ రాళ్ల ముందు నిలబడ్డప్పుడు కలిగే భావం మాత్రం అందులో లేదు. దాన్ని డిజిటల్ చిత్రంగా మార్చాలనుకోగానే తోచిన పేరు కొండపల్లి శేషగిరిరావు. 1924లో మన మానుకోట (మహబూబాబాద్) ప్రాంతంలోని పెనుగొండలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారాయన. మన రాళ్లను మనుషుల్ని గీసినంత ప్రేమగా గీశారు.

ఆ చూపు యాప్‌లోని ఫిల్టర్‌తో రాదు. ఫిల్టర్ అన్నిటినీ ఒకేలా మార్చేస్తుంది. చిత్రకారుడు ఏది వదిలేయాలో ముందు తేల్చుకుంటాడు. అందుకే మొదట కరెంటు తీగలు, పొదలు, సగం ఆకాశం తీసేశాను. ఆ తర్వాత రంగులు. వాష్ అనే నీటిరంగుల పద్ధతిలో పల్చటి రంగు వేసి, కాగితాన్ని నీళ్లతో తడిపి, మళ్లీ రంగు వేస్తారు. తెర మీద అందుకు దగ్గరిది, లోపలిది కనిపించేంత పల్చటి లేయర్లను ఒకదానిపై ఒకటి పేర్చడం. రాతి అంచుకు మాత్రం ఒత్తిడిని బట్టి లావు, సన్నం అయ్యే ఒకే గీత. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే.

ఈ గుట్ట రాళ్లపై ఆదిమానవులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలున్నాయి. వాటిని నా చిత్రంలోకి తేలేదు. వాటికి ఇంకొకరి శైలి తొడగడం తగదు.

జనగామలో ఉన్నా, మానుకోటలో ఉన్నా, మీ ఊరి గుట్టను ఫొటో తీయండి. దూరదేశపు చిత్రకారుడి ఫిల్టర్ వెతికేముందు శేషగిరిరావు గారి రాళ్లను చూడండి. ఆయన దారిలో గీస్తే, చిత్రం కింద ఆయన పేరు తప్పక రాయండి.